కుడి కొసన డాలు

ఆ ఆదివారం మధ్యాహ్నం నీలి చనిపోయింది. చంపినవాడు రాతి సైనికుడు. చనిపోయిన చోటు ఒక వంతెన. ఇవన్నీ మంచిర్యాలలో సంపత్ ఫోటో స్టూడియో పైగదిలో, బల్ల మీద పరిచిన డ్రాయింగు షీటు మీద ఉన్నాయి. అయినా కిందికి దిగి బండి ఎక్కేటప్పుడు ఉమారాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె భర్త నిరంజన్ అద్దంలో చూశాడు. బండి స్టార్టు చేశాడు.

వాళ్లు ఆడేది కథలాట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు కథలో తలా ఒక మనిషి అవుతారు. నా మనిషి తలుపు తన్నాడు, నా మనిషి కత్తి దూశాడు అని ఎవరికి వారు చెబుతారు. ఆ పని అయిందా, కాలేదా అన్నది పాచిక చెబుతుంది. సంపత్ నడుపుతాడు. ఉమారాణి నీలి, నిరంజన్ గండయ్య. ఆదిలాబాద్ నుంచి వచ్చి ఇక్కడి పత్తి మిల్లులో గుమాస్తాగా పనిచేసే అమిత్ భుజంగుడు. మూడేళ్లుగా ఆట సాగుతోంది. నిరంజన్ బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. వారానికోసారి షిఫ్టు మారుతుంది. ఉమారాణి ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆయన వచ్చేసరికి ఆమె వెళ్తుంది, ఆమె వచ్చేసరికి ఆయన నిద్రపోతుంటాడు. మొగుడూ పెళ్లాలు ఒకచోట కూచుని నవ్వుకునేది ఆ పైగదిలోనే.

ఆ రోజు ముగ్గురూ వంతెన మీద డాళ్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఎడమ కొసన భుజంగుడు, నడుమ నీలి, కుడి కొసన గండయ్య. ఎదురుగా రాతి సైనికులు వస్తున్నారు. నిరంజన్ వంతు వచ్చింది.

"నేను కుడి దిక్కు జరిగి స్తంభం పక్కన నిలబడ్త," అన్నాడు.

స్తంభం చాటున ఉన్నవాడికి దెబ్బ తగిలే అవకాశం తక్కువ. ఆట పుస్తకంలో అలా ఉంది. తర్వాతి వంతు సైనికులది. ఈటె నీలి కుడి పక్కటెముకల కింద దిగింది. సంపత్ పాచిక వేసి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నీలి పాయె," అన్నాడు.

ఉమారాణి బల్ల మీది బొమ్మల్ని చూస్తూ అడిగింది. "నువ్వెందుకు జరిగినవ్?"

"స్తంభం ఉండె గదా."

"నా కుడి పక్కకు నీ డాలుండె."

"నా డాలు నాకే కాపు ఉమా. పుస్తకంల గట్లనే రాసున్నది. ఎవలు పట్టుకుంటె వాళ్లకే."

"గా పుస్తకం రాసినోడు ఎన్నడన్న డాలు పట్టిండా?"

అమిత్ చేయెత్తాడు. "అరే వదినా, జర ఠండా అవు. ఆటనే గదా."

"ఆటని నాకు తెల్వదా అమిత్? ఆటల గూడ జరిగిండని అంటున్న."

ఆ 'గూడ' ఎందుకు అన్నదో నిరంజన్‌కు తెలుసు. మిగతా ఇద్దరికీ తెలియదు. సంపత్ తగవు ఆట గురించే అనుకుని, ఆటలోనే తీర్పు చెప్పాడు.

"డాలు పక్కోళ్లకు గూడ అడ్డమయితదా కాదా, నాకు తెల్వదు. నేను సుత ఎన్నడు పట్టలే. నిజంగ పట్టి చూద్దాం. అయితదని తేలితే గీ వంతు మళ్ల ఆడుదాం. గప్పటిదాంక నీలి చచ్చినట్టు గాదు, బతికినట్టు గాదు."

*

'గూడ' వెనక ఉన్న సంగతి ఇది. ఉమారాణి గురుకుల టీచరు పరీక్ష మూడోసారి రాసి పాసైంది. ఉట్నూరు దగ్గర గిరిజన బాలికల బడిలో పోస్టింగు వచ్చింది. నెలాఖరులోగా చేరాలి. అక్కడే ఉండాలి, సెలవు దొరికినప్పుడు ఇంటికి రావచ్చు. ఆట ఆదివారానికి ముందటి గురువారం సాయంత్రం ఈ విషయం ఇంట్లో మాటకు వచ్చింది.

నిరంజన్ తండ్రి బుచ్చిరాములు క్వార్టరు ముందు నీళ్ల డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాడు. సాయంత్రాలు ఆయన చోటు అదే.

"ఉట్నూరంటే అడివి బిడ్డా," అన్నాడు కోడలితో. "ఒక్కదానివి ఎట్లుంటవ్? గీడ బడి లేదా? పిల్లలు లేరా సదువుకోనీకి?"

"గది సర్కారు కొలువు మామా. దానికోసమే ఇన్నొద్దులు సదివిన."

"సదివినవ్. పాసైనవ్. మంచిగైంది. పోవుడెందుకు?"

ఉమారాణి భర్త వైపు చూసింది. గడప మీద కూచున్న నిరంజన్ "చూద్దాం బాపు," అన్నాడు. అంతలో ఇంటి వెనక నల్లా వచ్చిన చప్పుడైంది. "బిందెలు నిండినయేమో చూసొస్త," అని లేచాడు. నల్లా నిజంగానే వచ్చింది. అయితే బిందెలు నిండడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ఆయన అక్కడే నిలబడి ధారను చూశాడు. ఇంటి ముందు నుంచి తండ్రి గొంతు ఒకటే వినబడింది, తర్వాత అదీ ఆగిపోయింది. తిరిగి వచ్చేసరికి మాట తెగిపోయి ఉంది. ఉమారాణి వంటింట్లో పిండి కలుపుతోంది.

నిరంజన్ తండ్రికి ఎన్నడూ ఎదురు చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదని తనకు తాను చెప్పుకునేవాడు. బుచ్చిరాములు బాయిలో బొగ్గు తీసి తీసి ఊపిరి చెడి, పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చాక, ఆ కొలువు కొడుక్కి వచ్చింది. బొగ్గు ఊళ్లలో చాలా క్వార్టర్లలో కొలువులు ఇలాగే చేతులు మారాయి. ఏ కాగితంలోనూ లేని ఒక షరతు వాటితోపాటు వచ్చింది. కొలువిచ్చిన తండ్రి ఉన్నన్నాళ్లు ఇంట్లో చివరి మాట ఆయనది. "బాపు పెట్టిన బువ్వ తింటున్నం," అంటారు కొడుకులు. పెద్ద బాధ లేకుండానే అంటారు, నిరంజన్ కూడా అలాగే అనేవాడు.

*

డాలు చేయాలి అనుకోగానే నిరంజన్‌కు తట్టింది బెల్టు. బాయిలో బొగ్గు మోసే రబ్బరు బెల్టు అరిగిపోయాక పాత సామాను దుకాణానికి వస్తుంది. అక్కడి నుంచి ఊళ్లోకి వస్తుంది. బర్రెల కొట్టంలో కింద పరుస్తారు, స్నానాల గదికి కప్పేస్తారు, ట్రాక్టరు ట్రాలీలో వేస్తారు, గడప ముందు కాళ్లు తుడుచుకుంటారు. బొగ్గు ఊరివాడికి గట్టి వస్తువు కావాలంటే బెల్టు తప్ప ఇంకోటి గుర్తు రాదు.

వాకిట్లో సుద్దముక్కతో గీత గీసి కోస్తుంటే బుచ్చిరాములు చూశాడు.

"ఏం జేస్తున్నవ్ రా?"

"డాలు బాపు."

"ఎవనికి?"

"నాకే. ఆడుకోనీకి."

బుచ్చిరాములు సుద్దగీతను, కొడుకును చూశాడు. "లగ్గమై నాలుగేండ్లాయె," అన్నాడు. మళ్లీ చూశాడు. "గా సన్నది దేనికి పనికొస్తది? దొడ్డుది తీస్కో. దొడ్డుగుంటెనే ఆపుతది."

ఆయనే లేచి సబ్బునీళ్లు తెచ్చి కత్తి మీద పోశాడు. రబ్బరు మెత్తగా తెగింది. తండ్రి పట్టుకుంటే కొడుకు రెండు డాళ్లు కోశాడు. తల మీద కప్పు ఎంత మందంగా ఉంటే అంత మేలని బాయి ఆయనకు నేర్పింది. ఆయన చెప్పింది కొడుక్కీ సబబుగానే తోచింది.

ఆదివారం పొద్దున గోదావరి ఇసుకలో నలుగురూ కలిశారు. సంపత్ పొడుగాటి వెదురు తెచ్చి, కొసకు పాత పరుపులోని స్పంజి చుట్టాడు. అది ఈటె. నిరంజన్ డాలు ఎత్తి గడ్డానికి ఆనించాడు. సంపత్ పొడిచాడు. డాలు ఆపింది. మళ్లీ పొడిచాడు. ఆపింది. కానీ ఒక్కో పోటుకు డాలు కొంచెం దిగింది. గడ్డం నుంచి ఛాతీకి, ఛాతీ నుంచి నడుముకు. చివరికి దాని కింది అంచు ఇసుకలో దిగబడింది. నిరంజన్ దాని మీద చేయి ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. వెదురు ఆయన నుదుటిని మెల్లగా తాకింది.

"నువ్వు డాలును పట్టినవా, డాలు నిన్ను పట్టిందా?" అంది ఉమారాణి. వారం తర్వాత ఆమె భర్తతో అన్న మొదటి మాట అది. అదీ డాలు గురించే.

అమిత్ రెండు చేతులతో ఎత్తి చూశాడు. "అరే బాబా, గిది డాలు గాదు, దర్వాజ. చౌకట్టు బిగించి కొండీ పెడితె అయిపాయె."

సంపత్ వారమంతా ఫోనులో వెతికి చదివినది అప్పుడు చెప్పాడు. పాతకాలపు డాళ్లు బరువుండేవి కావట. పలచటి చెక్క, అంచులకు వచ్చేసరికి ఇంకా పలచన. పైన గుడ్డో తోలో అంటించేవాళ్లు. "దినమంత మోయాలె గదా. మోసుడు గాకుంటె డాలెందుకు?"

"గంత తేలికైన కట్టె ఏమున్నది?" అన్నాడు నిరంజన్.

"పొనికి," అన్నాడు అమిత్. "నిర్మల్ బొమ్మలు చేస్తరు గదా, గదే. మా మామ ఇంటి పక్కన్నే బొమ్మలోళ్లున్నరు. నేను చెయిపిస్త, ఫికర్ చెయ్యకు."

బెల్టు డాళ్లను ఇంటికి తెచ్చారు. నిరంజన్ తల్లి ఒకదాన్ని చూసి ముచ్చటపడి నీళ్ల డ్రమ్ము మీద మూతగా వేసుకుంది. సరిగ్గా సరిపోయింది.

*

పొనికి డాళ్లు తర్వాతి ఆదివారానికి గోదావరి ఇసుకలోకి వచ్చాయి. గుండ్రంగా ఉన్నాయి. బద్దలు అతికించి, రెండు వైపులా చింతగింజల జిగురుతో గుడ్డ అంటించారు. నడుమ పిడికిలి పట్టేంత రంధ్రం, వెనక అడ్డంగా ఒక పిడి. ఉమారాణి ఒకదాన్ని రెండు వేళ్లతో ఎత్తింది.

"చాటంత బరువు లేదు. విరుగుతది."

అమిత్ మిగిలిన చెక్కముక్క ఒకటి తీసి ఇసుకలో నిలబెట్టి, గడ్డి కోసే కొడవలితో కొట్టాడు. కొడవలి చెక్కలో కొంతదూరం దిగి ఆగిపోయింది. లాగాడు, రాలేదు. కాలు పెట్టి లాగితే ముక్కతోపాటు వచ్చింది. గట్టి కట్టె అయితే పగిలి ఉండేది. ఇది మెత్తగా ఉండబట్టి కత్తిని పట్టుకుంది.

"చూసినవా వదినా? ఇగ కొట్టినోడు పరేషాన్. కత్తి నా డాలుకాడ్నే ఉన్నది, ఆడు వట్టి చేతుల్తోని ఉన్నడు."

ఒక్కొక్కరుగా పట్టి చూశారు. నిరంజన్ డాలును ఒంటికి హత్తుకున్నాడు. వెదురు తగిలినప్పుడల్లా దెబ్బ చేతిలోంచి భుజంలోకి వచ్చింది. మొహానికి అడ్డం పెట్టుకుంటే డాలు కనిపించింది, సంపత్ కనిపించలేదు. ఉమారాణి ఇంకోలా పట్టింది. చేయి ముందుకు చాచి, డాలు అంచును సంపత్ వైపు తిప్పి పెట్టింది. వెదురు ఊపు అందుకోకముందే దాన్ని అంచుతో పక్కకు తోసింది. ఆమె పెద్దగా కదలలేదు, మణికట్టు మాత్రం తిప్పింది. సంపత్ ఎన్నిసార్లు పొడిచినా ఆమె మొహం డాలు పైనుంచి కనిపిస్తూనే ఉంది.

"నీకెట్ల తెల్సు?" అన్నాడు సంపత్.

"తెల్వదు. నువ్వు కానరాకుంటె నాకు భయమైంది. గందుకే దూరం పెట్టిన."

ఇక అసలు పరీక్ష. సంపత్ మడమతో ఇసుకలో రెండు గీతలు గీశాడు, అది వంతెన. ఎడమ కొసన అమిత్, నడుమ ఉమారాణి, కుడి కొసన నిరంజన్. సంపత్ ఒక డబ్బాలో జాజు కలుపుకుని వచ్చాడు. గడపలకు పూసే ఎర్రమట్టి. స్పంజిని అందులో ముంచి పొడిస్తే ఎవరికి ఎక్కడ తగిలిందో తెలుస్తుంది.

"బట్టలు?" అంది ఉమారాణి.

"పిండితే పోతది. నేను ఆగుమనేదాంక ఎవలు ఉన్నకాడ వాళ్లు నిలబడుండ్రి. నేను ఎవలనన్న పొడుస్త."

డాలు ఎడమ చేతిలో ఉంటుంది. మనిషికి ఎడమ పక్కనంతా అడ్డుగా ఉండి, ఇంకా బయటికి మిగులుతుంది. ఆ మిగిలిన భాగం ఎడమ పక్కవాడి కుడి భుజాన్ని కప్పుతుంది. ముగ్గురూ భుజం భుజం కలిపి నిలబడగానే ఈ సంగతి చూస్తే తెలిసింది. అమిత్ కుడి భుజం ఉమారాణి డాలు వెనక ఉంది. ఉమారాణి కుడి భుజం నిరంజన్ డాలు వెనక ఉంది. నిరంజన్ కుడి భుజం పక్కన గోదావరి తప్ప ఏమీ లేదు.

సంపత్ మొదలుపెట్టాడు. వెదురు ఒకసారి అమిత్ మీదికి వచ్చింది, ఒకసారి నిరంజన్ మీదికి. నిరంజన్‌కు కుడి పక్క చల్లగా అనిపించింది. అది గాలే. వెదురు అటు నుంచి వస్తుందేమో అని కన్ను అటే ఉంది. ఎడమవైపు ఏం జరుగుతోందో ఆయన చూడలేదు. డాలు మీద టపటపమని దెబ్బలు పడుతున్నాయి. ఆపుతున్నాననుకున్నాడు. బాగానే నిలబడ్డాననీ అనుకున్నాడు.

"ఆగుండ్రి," అన్నాడు సంపత్.

డాళ్లు దించారు. అమిత్ మోకాలి మీద ఒక మరక ఉంది. ఉమారాణి కుడి భుజం మీద, కుడి పక్కటెముకల మీద, మోచేతి మీద జాజు ఉంది. ఎడమ పక్క ఒక్క చుక్క లేదు. నిరంజన్ చొక్కా తెల్లది. దాని మీద ఏమీ లేదు.

అమిత్ నవ్వబోయాడు. నిరంజన్ కిందికి చూస్తుండడం చూసి ఆగిపోయాడు.

తడి ఇసుక. ఎవరి అడుగులు వాళ్లవి. అమిత్ చెప్పుల గుర్తులు మొదలుపెట్టిన చోటు నుంచి కుడికి, ఉమారాణి వైపుకు జరిగాయి. ఉమారాణివి ఒక అడుగు కుడికి జరిగి ఆగాయి. ఆగిన చోట రెండు మడమలు లోతుగా దిగాయి. నిరంజన్ గుర్తులు అక్కడ ఆగలేదు. చిన్న చిన్న అడుగులు, ఒక్కొక్కటి బెత్తెడు కూడా లేదు. అన్నీ కుడికే. వంతెన గీత దాటి, ఇంకా అవతలికి పోయాయి. ఆయనా ఉమారాణీ నిలబడ్డ చోట్ల మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు ఉంది.

పారిపోయిన అడుగులు కావు అవి. పారిపోయేవాడి అడుగులు దూరదూరంగా, లోతుగా ఉంటాయి. ఇవి ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని ఉన్నాయి. తన చెప్పుల అచ్చు కాకపోతే నిరంజన్ అవి ఎవరివో అనుకునేవాడు.

"నేను జరిగినట్టు నాకు తెల్వదు," అన్నాడు.

"తెల్సు," అంది ఉమారాణి. "గదే నా బాధ."

సంపత్ గొంతు సవరించుకున్నాడు. "తేలింది గదా. కుడి కొసన ఉన్నోనికి అటు దిక్కు అడ్డం లేదు. గందుకే జరుగుతడు. ఎవ్వలైనా జరుగుతరు. ఆయన ఎన్క ఆయన, అందరు జరుగుతరు. నేను పాత యుద్ధాల ముచ్చట్లల్ల గూడ సదివిన, వరసలన్ని కుడి దిక్కే జరుగుతుండెనట. ఇగ డాలు పక్కోనికి గూడ అడ్డమే. గా వంతు మళ్ల ఆడుదాం. నీలి బతుకుతదేమో చూద్దాం."

"వద్దు," అంది ఉమారాణి.

"ఎందుకు? నువ్వు గెలిచినవ్ గదా."

"డాలు పక్కోళ్లకు అడ్డమని తెల్వక జరిగిండనుకున్న. ఇయ్యాల తెల్సినంక గూడ జరిగిండు. మళ్ల ఆడితె ఏమైతది? నీలిని లేపకు సంపత్. పోనీ."

"నువ్వు గూడ ఒక అడుగు జరిగినవ్ వదినా," అన్నాడు అమిత్, తగవు తేలిక చేద్దామని.

"జరిగిన. ఇంక జరిగితె నువ్వు ఖాళీ అయితవని ఆగిన."

ఆమె డాలుకు అంటిన ఇసుక తుడిచి అమిత్‌కు ఇచ్చింది. నిరంజన్ ఇంకా గుర్తులనే చూస్తున్నాడు. ఆ గురువారం గడప మీంచి లేచి నల్లా దాకా నడిచినప్పుడు అచ్చులు పడే ఇసుక లేదు, సిమెంటు గచ్చు ఉంది. అయినా ఎన్ని అడుగులో, ఎటువైపో ఇప్పుడు కళ్లకు కట్టినట్టు తెలిసింది.

*

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. తల్లి అనసూర్య వాకిట్లో గిన్నెలు కడుగుతోంది.

"గిదేంది బిడ్డా, ఒంటికంత జాజు? ఒక్క దిక్కే ఉన్నది?"

"ఆటల తాకింది అత్తమ్మా."

ఆమె కొడుకు చొక్కా చూసింది. "నీకేం తాకలే?"

"తాకలే అవ్వా," అన్నాడు నిరంజన్.

బుచ్చిరాములు డ్రమ్ము పక్కన కుర్చీలో ఉన్నాడు. "మంచిగ వచ్చిండ్రు," అన్నాడు. "పొద్దుగాల గా బడి సారు కలిసిండు. కోడలు మానేస్తదా అన్నడు. ఏడికి పోదు, మీతాన్నే ఉంటదని చెప్పిన."

ఉమారాణి చెప్పులు విడుస్తూ ఆగిపోయింది. ఈసారి భర్త వైపు చూడలేదు. ఆమె చూడకపోవడం నిరంజన్‌కు తెలిసింది.

ఇంటి వెనక నుంచి చప్పుడైంది.

"నల్లా వచ్చింది రా," అంది తల్లి. "బిందెలు పెట్టుపో."

నిరంజన్ కాలు కదిలింది. అది తనకు తెలిసింది. ఇసుకలో ఎప్పుడు కదిలిందో తెలియలేదు, ఇక్కడ తెలిసింది. కాలు వెనక్కి తీసుకుని ఉమారాణి పక్కన, గడప ముందు నిలబడ్డాడు.

"నువ్వు పెట్టు అవ్వా. నేను బాపుతోని మాట్లాడాలె."

తల్లి లేవలేదు. కడుగుతున్న గిన్నె చేతిలోనే ఉంది.

"బాపు, ఉమ ఉట్నూరు పోతది," అన్నాడు. "బడి సారుకు నేను చెప్త."

బుచ్చిరాములు కొడుకును పైనుంచి కిందికి చూశాడు. "నేను మాటిచ్చినంక?"

"నువ్వు మాటిచ్చింది ఉమ కొలువు మీద. ఉమను అడగలే."

"నీ కొలువు ఎవలిచ్చిండ్రు రా?"

ఈ మాట వస్తుందని నిరంజన్‌కు తెలుసు. ఇన్నేళ్లుగా తాను పక్కకు జరిగింది ఈ మాటకు దొరక్కూడదనే. ఇప్పుడు వచ్చి తగిలింది. తగిలాక నిలబడే ఉన్నాడు.

"నువ్వే ఇచ్చినవ్ బాపు. దినాం బాయిలకు దిగేటప్పుడు యాదికొస్తది. నేను మరువ. గాని ఉమది నువ్వియ్యలే. నేనియ్యలే. ఆమె సదివి తెచ్చుకున్నది."

నల్లా వస్తూనే ఉంది. బిందె ఒకటి నిండి పొర్లుతున్న చప్పుడు వినబడింది. ఎవరూ లేవలేదు.

"రేపు గాడ ఏమన్న అయితె?"

"అయితె నేను పోత. నీకు చెప్పి పోత."

"ఎదురు మాట్లాడ నేర్చినవ్."

నిరంజన్ గడప ముందు నుంచి కదలలేదు. అప్పుడు ఉమారాణి మాట్లాడింది. "మామా, వారం వారం వస్త. రాకుంటె మీరే రాండ్రి. ఉట్నూరు మీరు చూడలే గదా."

"నేనెందుకొస్త," అన్నాడు బుచ్చిరాములు. లేచి లోపలికి వెళ్లి టీవీ పెట్టుకున్నాడు. దాని సౌండు పెంచాడు. తెల్లారి బడి సారుకు నిరంజనే ఫోను చేశాడు.

*

చేరాల్సిన రోజు పొద్దున సంపత్ తనకు తెలిసిన జీపు పంపాడు. పరుపు, ట్రంకుపెట్టె, బియ్యం సంచి, కుర్చీ. నిరంజన్, డ్రైవరు కలిసి ట్రంకు ఎత్తుతుంటే బుచ్చిరాములు ఇంట్లోంచి వచ్చాడు. ఆయన చంకలో రెండో బెల్టు డాలు ఉంది.

"ఆగు," అన్నాడు. జీపు లోపల ఇనుప గచ్చు మీద దాన్ని పరిచి, చేత్తో ఒత్తి చూశాడు. "ఇగ పెట్టు. కింద ఇనుమున్నది, మూలమలుపుల కాడ జారుతది. దొడ్డుదైతెనే పట్టి ఉంటది."

ఉమారాణి ఆయన కాళ్లకు దండం పెట్టింది. ఆయన "మంచిది," అన్నాడు. కొడుకుతో ఏమీ అనలేదు. జీపు కదిలాక ఆయన గేటు వేయలేదు.

నిరంజన్, ఉమారాణి సీట్లో పక్కపక్కన కూచుని లక్షెట్టిపేట దాటారు. జన్నారం దాటాక అడవి మొదలైంది. ట్రంకు జారలేదు.

"కొత్త మనిషిని రాసుకున్న," అంది ఉమారాణి.

నిరంజన్ తిరిగి చూశాడు. ఆట మళ్లీ ఆడుతుందని ఆయన అనుకోలేదు. "పేరేంది?"

"ఇంక పెట్టలే. వరసల కుడి కొసకు నిలబడ్తది."

"గాడ నిలబడ్డోళ్లకు అటు దిక్కు ఎవ్వలుండరు."

"తెల్సు. నువ్వు నా ఎడమ దిక్కు నిలబడు."

నిరంజన్ మనసులో వరస పెట్టి చూసుకున్నాడు. అప్పుడు ఆమె డాలు తన కుడి భుజానికి అడ్డం వస్తుంది. తన డాలు అమిత్‌కు.

"మరి నేను జరిగితే?"

"నా దిక్కు జరుగుతవ్. అమిత్‌కు తాకుతది," అంది ఉమారాణి. "గప్పుడు నాతోని గాదు, అమిత్‌తోని లొల్లి పెట్టుకో."

జీపు మలుపు తిరిగింది. ఇద్దరూ సీటు పట్టుకున్నారు.